రిలీవర్ రాని రాత్రి: పనిచోటు హారర్ గేములపై ఒక సమీక్ష

గద్వాల పేరు చెబితే తెలుగు ప్రేక్షకుడికి ముందు భయం గుర్తొస్తుంది. 2009 సంక్రాంతికి వచ్చిన ‘అరుంధతి’ చేసిన పని అది. కోడి రామకృష్ణ గద్వాల సంస్థానాన్ని కథాస్థలం చేసి, పాడుబడ్డ బంగళాలో ఒక సమాధిని పెట్టారు. తెర మీద కనిపించే బంగళా బనగానపల్లె నవాబుదే అయినా భయం మాత్రం గద్వాల పేరుకే అంటుకుంది. అంతకుముందు యండమూరి ‘తులసిదళం’లో చేతబడి ఒక ఇంటి చిన్నపిల్ల మీదికి వచ్చింది. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’లోనూ దెయ్యం ఒక కుటుంబం కొత్తగా దిగిన ఇంట్లోనే ఉంది. మన హారర్ ఇల్లు, బంగళా, శ్మశానం దాటి బయటికి రావడం అరుదు. జీతం తీసుకునే చోటికి అది రాలేదు.

అదే గద్వాల పక్కన, ధరూర్ మండలం రేవులపల్లి దగ్గర కృష్ణ మీద జూరాల ప్రాజెక్టు ఉంది. దాని జలవిద్యుత్ కేంద్రంలో ఆరు యూనిట్లు, ఒక్కోటి 39 మెగావాట్లు. రాత్రంతా అక్కడ ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటారు. మీటర్ల ముందు కూర్చుంటారు, గంట గంటకూ రీడింగు రాస్తారు, ఫోను ఎత్తుతారు. ఇలాంటి మనిషిని, ఇలాంటి గదిని, ఇలాంటి రాత్రిని తీసుకుని గత పన్నెండేళ్ళలో ప్రపంచంలో చాలా వీడియో గేములు వచ్చాయి. మానసిక భయం మీద నడిచే గేముల్లో ఇప్పుడు ఇదొక పెద్ద శాఖ. దెయ్యం ఆఫీసుకు ఎందుకొచ్చింది, వచ్చి ఏం చేసింది, అందులో మనకు పనికొచ్చేది ఏముంది అని చూడటమే ఈ వ్యాసం పని.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ కోవలో మామూలు గేములో దెయ్యం కనపడగానే పని పక్కకు పోతుంది, పరుగు మొదలవుతుంది. మంచి గేములో దెయ్యం కనపడ్డాక కూడా డ్యూటీ ఆగదు. ఏదో తేడాగా ఉందని మనిషికి తెలుసు. అయినా సంతకం పెట్టాలి, బటన్ నొక్కాలి, తెల్లారేదాకా కుర్చీ వదలకూడదు. అసలు భయం అక్కడుంది. ఈ కొలతతో చూస్తే ఏ గేము నిలబడుతుందో, ఏది పడిపోతుందో తేలిపోతుంది.

పనిచోటు గేముల్లో చాలాకాలంగా ఉంది. 1998లో ‘హాఫ్ లైఫ్’ మొదలయ్యేదే ఒక శాస్త్రవేత్త డ్యూటీకి ఆలస్యంగా రావడంతో. 2008లో వచ్చిన ‘డెడ్ స్పేస్’ కథానాయకుడు ఓడ రిపేరుకు వచ్చిన ఇంజినీరు. కానీ ఆ రెండిట్లోనూ కాసేపటికి తుపాకో, తుపాకీ లాంటి పనిముట్టో చేతికొస్తుంది, ఉద్యోగం సంగతి ఇక ఎవరికీ గుర్తుండదు. ఉద్యోగాన్నే భయంగా మార్చిన మలుపు 2014 ఆగస్టులో వచ్చింది. దాని పేరు ‘ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్’. చేసింది అమెరికాకు చెందిన స్కాట్ కాథన్, ఒక్కడే. అంతకుముందు అతను పిల్లల కోసం చేసిన ఒక గేములో బొమ్మలు చూడటానికి భయంగా ఉన్నాయని, యంత్రాల్లా కదులుతున్నాయని విమర్శలొచ్చాయి. అయితే నిజంగానే భయపెట్టే యంత్రపు బొమ్మలు చేద్దామని అతను కూర్చున్నాడు.

ఈ గేమును కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాత వచ్చినవన్నీ దీని అప్పు తీసుకున్నవే. మీరు ఒక పిజ్జా హోటల్లో నైట్ వాచ్‌మన్. అర్ధరాత్రి పన్నెండు నుంచి పొద్దున ఆరు దాకా షిఫ్ట్. కుర్చీలోంచి లేవలేరు. అటొక తలుపు, ఇటొక తలుపు, రెండు లైట్లు, చేతిలో సీసీ కెమెరాల తెర. హోటల్లో పిల్లల్ని ఆడించే యంత్రపు బొమ్మలు రాత్రిపూట నడుస్తాయి. కెమెరా చూస్తే కరెంటు ఖర్చు, లైటు వేస్తే ఖర్చు, తలుపు మూస్తే ఇంకా ఖర్చు. తెర మూల కరెంటు ఎంత శాతం మిగిలిందో చూపే అంకె తగ్గుతూ పోతుంది. అది సున్నా అయితే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. అంటే భయం వేసిన ప్రతిసారీ ఆ భయానికి బిల్లు కట్టాలి. ఇంతకంటే పొదుపైన భయం గేముల చరిత్రలో నేను చూడలేదు.

ఫోనులో ఒక గొంతు వస్తుంది. అంతకుముందు అదే కుర్చీలో కూర్చున్న ఉద్యోగిది. కంపెనీ నియమాలు, ‘చిన్న’ ప్రమాదాలు, కంగారు పడనక్కర్లేదన్న భరోసా, అన్నీ ముందే రికార్డు చేసి పెట్టాడు. రోజులు గడిచేకొద్దీ ఆ గొంతుకు ఏమైందో మనకు అర్థమవుతుంది. ఐదు రాత్రులు బతికి బయటపడితే చెక్కు చేతికొస్తుంది: 120 డాలర్లు. ఆరో రాత్రి కూడా చేస్తే ఓవర్‌టైం అర డాలరు. ఏడో రాత్రి చేస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఈ చెక్కు దగ్గరే గేము దెయ్యాల కథ దాటి ముందుకు పోయింది. ప్రాణం మీదికి వచ్చిన వారానికి కట్టిన వెల చూశాక, బొమ్మల కంటే యజమాని మీద మనసు రగులుతుంది. తర్వాత ఈ గేముకు బోలెడు కొనసాగింపులు వచ్చాయి, 2023లో సినిమా వచ్చింది, కథలో పాత్రలు, రహస్యాలు కొండలా పెరిగాయి. ఆ పెరుగుదలలో చెక్కు సంగతి మరుగున పడింది. మొదటి గేమే గొప్పది.

దానికి సరిగ్గా ఏడాది ముందు లూకాస్ పోప్ ‘పేపర్స్, ప్లీజ్’ చేశాడు. దుకాణాల్లో దీన్ని హారర్ అరలో పెట్టరు. నేను పెడతాను. అర్‌స్టోట్స్కా అనే ఊహాదేశపు సరిహద్దులో మీరు పాస్‌పోర్టులు తనిఖీ చేసే గుమాస్తా. మనిషికి 5 క్రెడిట్లు కూలి. సాయంత్రం అద్దె, తిండి, చలి కాచుకునే ఖర్చు, జబ్బు పడ్డ పిల్లవాడి మందు లెక్క చూసుకోవాలి. భర్త పత్రాలు సరిగ్గా ఉన్నాయి, వెనకే వచ్చిన భార్యకు ప్రవేశ అనుమతి పత్రం లేదు. ఆపితే ఆ ఇల్లు విడిపోతుంది, పంపితే మీకు మెమో వస్తుంది. రోజుకు రెండు తప్పులు ఊరికే వదిలేస్తారు, మూడోదానికి కూలిలో కోత. కొద్దిసేపటికి ఆటగాడు వచ్చినవాళ్ళ ముఖం చూడటం మానేసి ముద్రలు, తేదీలు మాత్రమే చూస్తుంటాడు. తనలో ఆ మార్పు జరిగిపోయిందని గమనించిన క్షణం ఏ దెయ్యం కంటే ఎక్కువ వణికిస్తుంది. మన తహసీల్ ఆఫీసు కిటికీకి అటువైపు కూర్చున్నవాళ్ళూ ఇటువైపు నిలబడ్డవాళ్ళూ ఇద్దరూ ఆడాల్సిన గేము.

ఆఫీసు గదుల మీద వచ్చిన వాటిలో ‘ది స్టాన్లీ పేరబుల్’ పేరు చాలామంది చెబుతారు. 427 నంబరు ఉద్యోగి స్టాన్లీ తెర చెప్పిన బటన్లు నొక్కుతూ బతుకుతుంటాడు. ఒకరోజు ఆదేశాలు రావడం ఆగిపోతుంది, చూస్తే ఆఫీసంతా ఖాళీ. 2013లో విడిగా విడుదలైన ఈ గేము తెలివైనది, అక్కడక్కడ నవ్విస్తుంది, ఖాళీ కారిడార్లలో ఒక దిగులునూ పుట్టిస్తుంది. కానీ దాని ధ్యాస ఆట మీద, ఆటగాడి స్వేచ్ఛ మీద ఉంది, ఉద్యోగం మీద కాదు. 2019 నాటి ‘యప్పీ సైకో’ అంతకంటే నేరుగా మాట్లాడుతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి కంపెనీ ఇచ్చిన పని ఒక మంత్రగత్తెను చంపడం. ఆట సేవ్ చేసుకోవాలంటే జిరాక్స్ మిషన్ మీద తన ముఖాన్నే కాపీ తీసుకోవాలి. దాని సగం హాస్యం, సగం రక్తం అందరికీ రుచించకపోవచ్చు. మొదటిరోజు ఉద్యోగి బెరుకును మాత్రం అది బాగా పట్టుకుంది.

అదే ఏడాది ఫిన్లండ్ సంస్థ రెమెడీ ‘కంట్రోల్’ తెచ్చింది. న్యూయార్క్‌లో ఎవరి కంటా పడని ఒక ప్రభుత్వ శాఖ, బూడిద రంగు కాంక్రీటు భవనం, గోడల నిండా నోటీసులు, మెమోలు, భద్రతా పోస్టర్లు. ప్రధాన కథ ఎగరడం, వస్తువులు విసరడం, కాల్చడం. నా కొలతలో ఆ భాగం పడిపోతుంది. కానీ అందులో ఒక చిన్న ఉపకథ ఉంది, దానికోసమైనా ఈ గేము ఆడాలి. ఒక గదిలో ఫ్రిజ్ ఉంది. దాన్ని ఎవరో ఒకరు కన్నార్పకుండా చూస్తూనే ఉండాలి, చూపు తిప్పితే మనుషులు చస్తారు. ఫిలిప్ అనే ఉద్యోగి డ్యూటీలో ఉండగా భవనంలో విపత్తు వచ్చింది. రిలీవర్ రాలేదు. అతను అలాగే చూస్తూ కూర్చున్నాడు. అద్దం అవతలి నుంచి వేడుకుంటాడు, ఎవరినైనా పంపమని. ఎవరూ రారు, ఫ్రిజ్ అతన్ని బతకనివ్వదు. షిఫ్టు ఉద్యోగం చేసిన ఎవరికైనా ఈ ముక్క గుండెకు తగులుతుంది. మనదగ్గర పంపుహౌసులో, సబ్‌స్టేషన్లో, ఆసుపత్రి వార్డులో పొద్దున ఆరుకు రావాల్సిన మనిషి రాకపోతే ఏమవుతుందో తెలియనివాళ్ళు లేరు. ఛార్జి అప్పగించకుండా కదలకూడదు. ఆ నియమం మంచిదే, అది లేకపోతే ప్రమాదాలు జరుగుతాయి. అదే నియమం మనిషిని కుర్చీకి కట్టేస్తుంది కూడా.

ఇక ఈ శాఖలో నేను అన్నిటికంటే పైన పెట్టే రెండు గేములు 2024లో వచ్చాయి. ఒకటి బ్రిటిష్ స్టూడియో ద చైనీస్ రూమ్ జూన్‌లో విడుదల చేసిన ‘స్టిల్ వేక్స్ ద డీప్’. 1975 డిసెంబరు, స్కాట్లండ్ తీరానికి దూరంగా నడిసముద్రంలో చమురు తవ్వే బీరా డి అనే రిగ్గు. కథానాయకుడు క్యాజ్ మెక్‌లీరీ ఎలక్ట్రీషియన్. గేము మొదట్లోనే మేనేజరు రెనిక్ అతన్ని పనిలోంచి తీసేస్తాడు. హెలికాప్టర్ ఎక్కబోతుండగా డ్రిల్లు సముద్రగర్భంలో దేనికో తగులుతుంది. తగలకముందే తవ్వడం ఆపమన్నవాళ్ళు ఉన్నారు, వినని మేనేజరూ ఉన్నాడు.

ఆ తర్వాత అంతా నిచ్చెనలు, పైపులు, వాల్వులు, నీళ్ళు చేరిన గదులు. క్యాజ్ చేతికి ఆయుధం ఇవ్వరు. అతను ఎలక్ట్రీషియన్‌గానే ఉంటాడు: స్విచ్చులు వేస్తాడు, మంట ఆర్పే ఏర్పాట్లు మళ్ళీ నడిపిస్తాడు, బోల్టులు విప్పుతాడు. వింత జీవి ఏమిటో గేము ఎక్కడా వివరించదు. దాని బారిన పడ్డవాళ్ళు మాత్రం నిన్నటిదాకా మెస్సులో పక్కన కూర్చుని తిన్నవాళ్ళు. వాళ్ళ గొంతు గుర్తుపట్టగలం. పాత్రలు చాలావరకు స్కాట్లండ్ పనివాళ్ళ అసలు యాసలో మాట్లాడతాయి. ఆ గొంతులకు 2025లో బాఫ్టా అవార్డులు వచ్చాయి: ప్రధాన పాత్రకు అలెక్ న్యూమన్‌కు, సహాయ పాత్రకు కారెన్ డన్‌బార్‌కు.

ఈ గేమును ఉత్తర సముద్రపు చమురు చరిత్ర తెలిసి ఆడితే ఇంకో లోతు కనిపిస్తుంది. కథాకాలానికి పదమూడేళ్ళ తర్వాత, 1988 జూలై 6 రాత్రి, పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫాం పేలిపోయి 167 మంది చనిపోయారు. ఒక పంపు సేఫ్టీ వాల్వును మరమ్మతు కోసం తీశారు. ఆ సంగతి రాసిన పర్మిట్ కాగితం రాత్రి షిఫ్టువాళ్ళ కంట పడలేదు. వాళ్ళు ఆ పంపు వేశారు. మంటలు లేచాక చాలామంది నియమం ప్రకారం వసతి గదుల్లో చేరి ఆదేశాల కోసం ఎదురుచూశారు. పక్క ప్లాట్‌ఫాంలు చమురు పంపడం వెంటనే ఆపలేదు. ఇందులో దెయ్యం లేదు, కాగితం ఉంది, షిఫ్టు మార్పు ఉంది, ఆదేశం కోసం ఆగడం ఉంది. పనిచోటు హారర్ అనే శాఖ ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

మనకు మన ఉదాహరణలున్నాయి. 2020 ఆగస్టు 20 రాత్రి పదిన్నర ప్రాంతంలో నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. ఒక్కోటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లున్న 900 మెగావాట్ల కేంద్రం. కొండ లోపల ఉంటుంది, సొరంగం గుండా పోవాలి. పొగ ఆ దారినంతా కమ్మేసింది. రక్షక బృందాలకు కూడా గంటల తరబడి లోపలికి దారి దొరకలేదు. తొమ్మిది మంది చనిపోయారు: ఏడుగురు జెన్‌కో ఉద్యోగులు, ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చిన ప్రైవేటు కంపెనీ వాళ్ళు. నాలుగున్నరేళ్ళకు, 2025 ఫిబ్రవరి 22న, అదే దోమలపెంట వైపు ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో పైకప్పు కూలింది. లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు, ఎవరూ బతకలేదు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో మన కొండ తవ్వడానికి వచ్చినవాళ్ళు.

ఆ పేర్లను, ఆ రాత్రులను తీసుకుని ఎవరైనా గేము చేస్తే నేను ఒప్పుకోను. ఆ కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి. చెప్పదలుచుకున్నది వేరు. నల్లమల కింద, కృష్ణ ఒడ్డున పనిచేసేవాళ్ళకు ‘స్టిల్ వేక్స్ ద డీప్’ పరదేశపు వింత కథ అనిపించదు. పొగలో తలుపు వెతుక్కోవడం, పైవాడి ఫోను కోసం ఆగడం, యూనిట్ కాపాడాలా ప్రాణం కాపాడుకోవాలా అని ఒక్క నిమిషంలో తేల్చుకోవాల్సి రావడం వాళ్ళకు తెలిసిన సంగతులు. పనివాళ్ళ భయాన్ని పని తెలిసినవాళ్ళ గౌరవంతో చూపించవచ్చని ఆ గేము రుజువు చేసింది.

రెండో గేము ‘మౌత్‌వాషింగ్’, స్వీడన్‌కు చెందిన రాంగ్ ఆర్గన్ అనే చిన్న స్టూడియోది, 2024 సెప్టెంబరులో వచ్చింది. టల్పార్ అనే సరుకు రవాణా అంతరిక్ష నౌక. ఐదుగురు సిబ్బంది: కెప్టెన్ కర్లీ, అతని కింద జిమ్మీ, నర్సు ఆన్యా, ముసలి మెకానిక్ స్వాన్సీ, అప్రెంటిస్ కుర్రాడు దైసుకే. నౌక దేనికో గుద్దుకుంది. కెప్టెన్ కాళ్ళూ చేతులూ పోయి, ఒళ్ళంతా కాలి, మాట్లాడలేక మంచంలో ఉన్నాడు. నొప్పి మాత్రలు అతని నోట్లో మనమే వెయ్యాలి. ఆకలికి తట్టుకోలేక సరుకు తెరిచి చూస్తే అంతా నోరు పుక్కిలించే ద్రవం. అంత దూరం, అన్ని నెలలు, ఐదు బతుకులు దానికోసం.

గేము ముందుకూ వెనక్కూ గెంతుతూ ప్రమాదానికి ముందు రోజులు చూపిస్తుంది. కంపెనీ మూతపడుతోందని, ఈ ట్రిప్పుతో అందరి ఉద్యోగాలూ పోతాయని కెప్టెన్‌కు సందేశం వస్తుంది. అసలు భయం మాత్రం ఒక చిన్న మాటలో ఉంది. వైద్యం గదికి తాళం ఉంది, పడుకునే గదులకు ఎందుకు లేదు అని ఆన్యా అడుగుతుంది. ఆ ప్రశ్న వెనక ఏముందో కెప్టెన్ అర్థం చేసుకోవాల్సిన తీరులో అర్థం చేసుకోడు. జిమ్మీ తన పాత స్నేహితుడు. మంచివాడిగా ఉండాలనుకునే అధికారి కళ్ళు మూసుకుంటే కింద పనిచేసే ఆడమనిషికి ఏం జరుగుతుందో ఈ గేము చెప్పినంత నిర్దాక్షిణ్యంగా ఇంకో గేము చెప్పలేదు. మనదేశంలో పనిచోట్ల మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. కమిటీ కాగితం మీద ఉండి, గదికి గడియ లేని ఆఫీసులు ఎన్నో ఉన్నాయి. వేధించేవాడి వైపు నుంచి కథ నడిపి, అతను తనకు తాను చెప్పుకునే అబద్ధాలను మనచేతే ఆడించడం ఈ గేము చేసిన సాహసం. మూడు గంటల్లో అయిపోతుంది, చాలా రోజులు వదలదు.

‘లీథల్ కంపెనీ’ వీటికి పూర్తిగా వేరు. 2023 అక్టోబరులో జీకర్స్ అనే పేరుతో పనిచేసే ఒక్క కుర్రాడు విడుదల చేశాడు. నలుగురు స్నేహితులు కలిసి పాడుబడ్డ ఉపగ్రహాల మీద పాత సామాను ఏరి కంపెనీకి అమ్మాలి. మూడు రోజుల గడువు, గడువుకొక కోటా. మొదటి కోటా 130. అది నిండితే తర్వాతి కోటా ఇంకా పెద్దది. నిండకపోతే అందరినీ శూన్యంలోకి విసిరేస్తారు. చచ్చిన స్నేహితుడి శవం తెస్తే జరిమానా తగ్గుతుంది. కోటాకు పై అంచు లేదు, అంటే గెలుపు లేదు. నవ్వుతూ ఆడే గేమే, కానీ దాని ఎముకలు గద్వాల ఉన్న పాలమూరు ప్రాంతంవాళ్ళకు బాగా తెలుసు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు లేబర్ ఉండేది. గుంపు మేస్త్రి ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఆ అప్పు తీరేదాకా పని, తీరేలోపు ఇంకో అప్పు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చినా మేస్త్రి అడ్వాన్సు వెంటనే పోలేదు. తర్వాతి తరంలో గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేలల్లో అదే లెక్క ఆర్గనైజర్ల పేరుతో నడిచింది. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి రాసే ఆ పనిలోకి బడి మానిన పిల్లల్ని దింపారు. గడువు, కోటా, అప్పు: ఈ మూడింటినీ భయంగా అల్లగల కథలు ఇక్కడ కావలసినన్ని ఉన్నాయి.

కుర్చీలో కూర్చుని చేసే పని మీద వచ్చిన వాటిలో 2024 నాటి ‘హోమ్ సేఫ్టీ హాట్‌లైన్’ చెప్పుకోదగ్గది. 1996లో ఒక కాల్‌సెంటర్. జనం ఫోన్ చేసి గోడలో చప్పుడు, వంటింట్లో దుర్వాసన అని చెబుతారు. మీరు పుస్తకం తిరగేసి అది ఎలుకా, బూజా, లేక మనిషికి పేరు తెలియని ఇంకేదన్నానా అని తేల్చి జవాబు పంపాలి. తప్పు చెబితే ఆ ఇంటికి ఏమైందో తర్వాతి ఫోనులో వింటారు. మీరేమీ చూడరు, వింటారు, అంతే. హైదరాబాద్‌లో రాత్రంతా హెడ్‌సెట్ పెట్టుకుని ఇంకో ఖండపు గొంతులు విన్న వేలమందికి ఇది సొంత కథలా ఉంటుంది. అంతకంటే కష్టమైన కుర్చీలు కూడా ఆ నగరంలో ఉన్నాయి. ఫేస్‌బుక్‌లో పెట్టే హింసాత్మక వీడియోలను, ఆత్మహత్యల దృశ్యాలను చూసి తొలగించే పని హైదరాబాద్‌లో కాంట్రాక్టు ఉద్యోగులు చేస్తున్నారని 2019లో రాయిటర్స్ రాసింది. ఆ కుర్చీ మీద ఇంకా సరైన గేము రాలేదు.

అమెరికాలో గ్యాస్ స్టేషన్ కౌంటర్ల దగ్గర రాత్రుళ్ళు నిలబడే మన విద్యార్థులకు జపాన్ అన్నదమ్ములు చిల్లాస్ ఆర్ట్ చేసిన ‘ద కన్వీనియెన్స్ స్టోర్’ దగ్గరగా ఉంటుంది. సరుకు సర్దడం, నేల తుడవడం, తలుపు గంట మోగితే తలెత్తి చూడటం వరకు చాలా బాగుంటుంది. చివర్లో మామూలు దెయ్యం కథలోకి జారుతుంది. ‘ద మార్చురీ అసిస్టెంట్’ అలా జారినా దాన్ని వేరుగా లెక్కిస్తాను. 2022లో బ్రయన్ క్లార్క్ ఒక్కడే చేసిన ఆ గేములో శవానికి రసాయనాలు ఎక్కించి సిద్ధం చేసే పనిని వరసగా నేర్చుకోవాలి. కళ్ళు మూయడం, దవడ కట్టడం, రక్తం తీయడం. కాసేపటికి చేతులు అలవాటు పడతాయి. ఆ అలవాటు కుదిరాకే భూతం తన పని మొదలుపెడుతుంది. పనిని తెలుసుకుని గేము చేస్తే భయం ఎంత బలంగా నిలబడుతుందో దీన్ని చూసి నేర్చుకోవాలి.

మన దగ్గర గేములు చేసేవాళ్ళు లేక కాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. గేమ్ డెవలపర్ల జాతీయ సదస్సు చాలా ఏళ్ళు ఆ నగరంలోనే జరిగింది. ఓగర్ హెడ్ అనే హైదరాబాద్ స్టూడియో 2017లో ‘అసుర’ తెచ్చింది, ఆట కష్టంగా, అందంగా ఉంది. పుణెలో ‘రాజీ’ వచ్చింది. రెండూ పురాణాల వైపు చూశాయి. అది తప్పు కాదు. కానీ సొంత చరిత్రలోని భయాన్ని ముట్టుకున్న దేశాలు ఎంత దూరం పోయాయో చూడాలి. తైవాన్‌లో రెడ్ క్యాండిల్ అనే చిన్న సంస్థ 2017లో ‘డిటెన్షన్’ చేసింది. 1960ల నాటి సైనిక పాలన కింద ఒక బడి, నిషేధించిన పుస్తకాలు, ఇన్‌ఫార్మర్లు. అక్కడి దెయ్యాలు అక్కడి నమ్మకాల నుంచే వచ్చాయి, అపరాధం మాత్రం మనుషులది. అది తర్వాత సినిమా అయింది, ఆ కాలం గురించి యువతరం మాట్లాడుకునేలా చేసింది.

జూరాల లాంటి చోట ఒక గేము ఊహించండి. తెల్లచీర దెయ్యం అక్కర్లేదు. వానాకాలం, పైన నారాయణపూర్ నుంచి ఎంత నీరు వదిలారో ఫోనులో చెబుతారు, రాసుకోవాలి, ఎన్ని గేట్లు ఎంత ఎత్తు లేపాలో తేలుతుంది. అక్కడ ఒక వింత ఉంది, బయటివాళ్ళకు నమ్మబుద్ధి కాదు: వరద మరీ ఎక్కువైతే కరెంటు తీయడం ఆపేయాల్సి వస్తుంది. ఆనకట్టకు దిగువన కూడా నీరు పెరిగిపోయి పైకీ కిందికీ మధ్య ఎత్తు తేడా తగ్గిపోతుంది, టర్బైన్ తిరిగే బలం చాలదు. అప్పటిదాకా ఒంట్లో ఎముకల్లోకి దిగిపోయిన యూనిట్ల హోరు ఒక్కొక్కటిగా ఆగిపోతుంది. బయట లక్షల క్యూసెక్కులు, లోపల నిశ్శబ్దం. ఆ గంటలో ఫోనులో వచ్చిన అంకెకూ మీ గేజీ చూపే అంకెకూ పొంతన కుదరకపోతే? లాగ్‌షీట్‌లో ముందటి షిఫ్టు రాసిన చేతిరాత మీదే అయితే? ఏది రాస్తారు, ఎవరికి చెబుతారు, దిగువ ఊళ్ళకు సైరన్ ఎప్పుడు వేస్తారు? ఈ గేము రాయాలంటే ముందు ఆపరేటర్లతో, ఆర్టిజన్లతో, గేట్ల దగ్గర పనిచేసేవాళ్ళతో నెలల తరబడి కూర్చోవాలి. వాళ్ళ మాటతీరు, వాళ్ళ పనిముట్ల పేర్లు, వాళ్ళు దేనికి భయపడరో కూడా తెలియాలి. పాలమూరు యాస పాలమూరు యాసలాగే ఉండాలి. గ్లాస్గో యాస ప్రపంచమంతా విన్నప్పుడు ఇది వినకపోవడానికి కారణం లేదు.

ఈ గేములన్నిటిలో ఒక లోటు కనిపిస్తుంది, అది చెప్పకుండా ఊరుకోలేను. గేటు బయట ఎవరూ ఉండరు. ‘పేపర్స్, ప్లీజ్’ ఒక్కటే ఇంటి ఖర్చు లెక్క పెట్టింది, అదీ పేర్లు లేని వరసగా. క్యాజ్‌కు భార్య గొంతు జ్ఞాపకాల్లో వినిపిస్తుంది. మిగతావాళ్ళకు ఇల్లు లేదు, యూనియన్ లేదు, కాంట్రాక్టరు లేడు, పక్క షిఫ్టువాడితో పంచుకున్న టీ లేదు. మనదగ్గర ఏ ప్రమాదం జరిగినా మొదట కనిపించేది గేటు దగ్గర గుమిగూడిన ఇంటివాళ్ళు. వాళ్ళను లోపలికి రానివ్వరు, ఎవరూ ఏమీ చెప్పరు. ఆ ఎదురుచూపు వైపు నుంచి ఒక్క పనిచోటు హారర్ కూడా నేను ఆడలేదు. తెలుగులో మొదటిది వస్తే అది అక్కడినుంచి రావచ్చు.

మొదలుపెట్టదలిచిన వాళ్ళకు: ‘ఫైవ్ నైట్స్’ మొదటి భాగం, ‘పేపర్స్, ప్లీజ్’ రెండూ ఫోనులోనే ఆడుకోవచ్చు, పెద్ద కంప్యూటరు అక్కర్లేదు. ‘స్టిల్ వేక్స్ ద డీప్’కు మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, ఐదారు గంటలు పడుతుంది. యాస అందకపోతే ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు పెట్టుకోండి. నేను ఆడిన వాటిలో ఒక్కదానికీ తెలుగు లేదు. ‘లీథల్ కంపెనీ’ ఒంటరిగా ఆడి లాభం లేదు, తెలిసినవాళ్ళు ముగ్గురు నలుగురు మైకులతో కూర్చోవాలి. ‘మౌత్‌వాషింగ్’లో ఆత్మహత్య, లైంగిక హింస ప్రస్తావన ఉన్నాయి, అది పెద్దవాళ్ళకే. పిల్లలు దాన్ని ఆడకపోయినా యూట్యూబులో ఎవరో ఆడుతుంటే చూసేస్తున్నారు, ఇంట్లోవాళ్ళు ఒకసారి పక్కన కూర్చుని చూడటం అవసరం.